పద్ధతుల స్లైడు ఎందుకంత తొందరగా మాయమవుతుంది?

న్యూరోసైన్స్, ఫిజియాలజీ విభాగాల్లో వారం వారం జరిగే పరిశోధన సెమినార్లకు ఏళ్ల తరబడి వెళ్తున్న నాకు ఒక ఫిర్యాదు ఉంది. గంటసేపు సాగే ప్రసంగంలో ప్రయోగ పద్ధతికి దక్కేది ఒకటి రెండు నిమిషాలే. "ఇదంతా మీకు తెలిసిందే" అంటూ వక్త ఆ స్లైడును దాటేస్తారు. ఆ తర్వాత అంతా గ్రాఫుల ఊరేగింపే. ప్రశ్నలకు చివర ఐదు నిమిషాలు మిగిలితే అదే గొప్ప.

ఏ శాస్త్రంలోనైనా ఇది లోపమే గానీ, బతికున్న కణజాలంతో పనిచేసే మన శాస్త్రాల్లో దీనివల్ల జరిగే నష్టం మరీ ఎక్కువ. స్క్విడ్ అనే సముద్రజీవి భారీ నాడీతంతువు మీద పనిచేసి, నాడిలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో వివరిస్తూ శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ప్రకటించిన సమీకరణాలను తీసుకోండి. అందులోని రేట్లు, అంటే నాడి పొరలో అయాన్ల దారులు తెరుచుకునే, మూసుకునే వేగాలు, 6.3 డిగ్రీల సెల్సియస్‌కు సంబంధించినవి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ రేట్లు మూడు రెట్లవుతాయని వారే లెక్కలోకి తీసుకున్నారు. అలాంటిది, కణజాలాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర ఉంచారో చెప్పకుండా మిల్లీసెకన్ల తేడాల గురించి అరగంట మాట్లాడే వక్తను నమ్మేదెలా? ఎలుక మెదడు విషయమూ అంతే. కంటి ముందున్న చిత్రం మారకపోయినా, ఎలుక కదలకుండా ఉన్నప్పటి కంటే పరుగెడుతున్నప్పుడు దాని దృశ్య వల్కలంలోని (చూపుకు సంబంధించిన మెదడు పైపొరలోని) న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఎంతో బలంగా స్పందిస్తాయని శాస్త్రవేత్తలు నీల్, స్ట్రైకర్ 2010లో చూపించారు. కాబట్టి జంతువు మత్తులో ఉందా, మెలకువగా ఉందా, పరుగెడుతోందా అన్నవి ఫలితాన్నే మార్చేసే సంగతులు.

ఇక లెక్కింపు సంగతి. మూడు ఎలుకల నుంచి మూడు వందల న్యూరాన్లను నమోదు చేసి, నమూనా సంఖ్య 300 అని స్లైడు మూలన వేసేస్తారు. ఒకే ఎలుకలోని న్యూరాన్లు పరస్పరం స్వతంత్రమైనవి కావని, వాటిని మూడు వందల విడి నమూనాలుగా లెక్కించకూడదన్న మాట గణాంకాల తొలి పాఠాల్లోనే ఉంటుంది. "జంతువులెన్ని?" అన్న చిన్న ప్రశ్నకు హాలు మొత్తం ఇబ్బందిగా కదలడం నేను ఎన్నోసార్లు చూశాను.

విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒకసారి ప్రసంగం మధ్యలోనే చెయ్యెత్తి, వాడిన మత్తుమందు ఏమిటని అడిగాను. "వివరాలు తర్వాత మాట్లాడుకోండి" అన్నారు సభాధ్యక్షులు. తర్వాత వక్తకు విమానం వేళయింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఈనాటికీ తెలియదు.

వెనకటివాళ్లు ఈ విషయంలో మనకంటే ధైర్యవంతులని నా అభిప్రాయం. నాడి నుంచి గుండెకు సందేశాన్ని మోసేది రసాయనమేనని శాస్త్రవేత్త ఒట్టో లోవి 1921లో కప్ప గుండెలతో చూపించినప్పుడు, చాలామంది అదే ప్రయోగం చేసి విఫలమై అనుమానించారు. కప్ప జాతి, రుతువు, ఉష్ణోగ్రత వంటివి అక్కడ ఫలితాన్ని తారుమారు చేయగలవు. లోవి 1926లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిజియాలజీ మహాసభలో ఆ ప్రయోగాన్ని అందరి కళ్ల ముందు పదే పదే చేసి చూపించారు. ఫలితం మాత్రమే చెప్పి కూర్చుని ఉంటే ఆ సందేహాలు ఎన్నాళ్లు నడిచేవో!

మధ్యలో ప్రశ్నలను అనుమతిస్తే పెద్ద ఆచార్యులు పాండిత్యం ప్రదర్శించుకుంటారని, వక్త దారి తప్పుతారని ఒక అభ్యంతరం ఉంది. అది నిజమే, ప్రశ్న పేరుతో సొంత ప్రసంగం చేసేవారు ప్రతి విభాగంలోనూ ఒకరైనా ఉంటారు. కానీ వారిని ఆపవలసింది అధ్యక్షులు. ఆ ఒక్కరి కోసం విద్యార్థుల నోళ్లు మూయించడం ఏం న్యాయం? పద్ధతి గురించిన మొదటి ప్రశ్న విద్యార్థిదే అన్న నియమం పెడితే ఆ బెడద సగం తగ్గుతుంది.

వచ్చే సెమినార్‌కు అధ్యక్షత నాదే. పద్ధతికి పదిహేను నిమిషాలు కేటాయించాలని, ఎన్ని జంతువులో, ఏ స్థితిలో ఉన్నాయో మొదటి గ్రాఫుకు ముందే చెప్పాలని వక్తకు లేఖ రాశాను. ఇంకా జవాబు రాలేదు.