బంగాళాదుంప అన్నం పక్కన కాదు, అన్నానికి బదులుగా

మన సంఘం పండుగ భోజనాల్లో పూరీలోకి బంగాళాదుంప కూర, అన్నంలోకి బంగాళాదుంప వేపుడు, పిల్లలకు సమోసాలు తప్పనిసరి అయిపోయాయి. షుగరు ఉన్న పెద్దలు కొందరు దుంపలు పడవంటూ వేపుడు వదిలేసి, ఆ వెలితి పూడ్చుకోవడానికి మరో గరిటెడు తెల్లన్నం వడ్డించుకుంటారు. దుంప మీద మోపిన ఈ నేరం సగమే నిజమని నా అభిప్రాయం.

మెత్తగా ఉడికించి, చిదిపి, వేడిగా తిన్న బంగాళాదుంపలోని పిండిపదార్థం త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుందన్న మాట వాస్తవమే. అయితే ఉడికించిన దుంప 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 20 గ్రాములుంటే, అంతే బరువున్న తెల్లన్నంలో సుమారు 28 గ్రాములుంటుంది. ఆకలి సంగతి చూస్తే దుంపదే పైచేయి. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను, ఒక్కొక్కటీ సుమారు 240 కేలరీలు ఉండేలా తినిపించి, రెండు గంటలపాటు కడుపు ఎంత నిండుగా అనిపించిందో నమోదు చేసింది. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చాయి, అన్నిటికంటే అదే ఎక్కువ. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు 116 మాత్రమే వచ్చాయి. ఉడికిన దుంపలో అధికభాగం నీరే కనుక 240 కేలరీలకు పావుకిలోకు పైగా తినాలి. నూనెలో వేగినప్పుడు ఆ నీరు ఆవిరైపోయి, దాని స్థానంలో నూనె చేరి, ముక్కలు చిన్నవవుతాయి కనుక ఎన్ని తిన్నా ఇంకా తినాలనే అనిపిస్తుంది.

అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్యరంగ ఉద్యోగులను దశాబ్దాల పాటు గమనించి, 2025లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేడా కనిపించింది. వారానికి మూడుసార్లు ఫ్రెంచ్ ఫ్రైస్ తినడానికీ, టైప్ 2 మధుమేహం ముప్పు 20 శాతం పెరగడానికీ సంబంధం కనబడింది. ఉడికించిన, బేక్ చేసిన, చిదిపిన దుంపల విషయంలో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. దుంపలకు బదులు ముడిధాన్యాలు తింటే ముప్పు తగ్గుతుందనీ, తెల్లన్నం తింటే పెరుగుతుందనీ కూడా ఆ లెక్కలు సూచించాయి. వేపుడు వదిలి అన్నం పెంచుకునే మన పెద్దలు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

కనుక మన తప్పు దుంప తినడంలో కన్నా, ఒక పిండిపదార్థాన్ని కూరగా లెక్కగట్టి మరో పిండిపదార్థంలో కలుపుకోవడంలోనే ఎక్కువగా ఉంది. ఉడికించి చల్లార్చి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన దుంపలో కొంత పిండి సులువుగా జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. వినెగర్ వంటి పులుపు తోడైతే చక్కెర పెరుగుదల మరికాస్త నెమ్మదిస్తుంది. ఇన్సులిన్ వాడేవారు మాత్రం భోజనమైన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుని, తమకు సరిపడే పరిమాణాన్ని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

వచ్చే ఉగాది భోజనానికి వేపుడు ట్రే తీసేసి, ముందురోజే ఉడికించి చల్లార్చిన దుంప ముక్కలకు నిమ్మరసం, ఆవాల తాలింపు పట్టించి, పులిహోర పక్కన కాకుండా పప్పు, చిక్కుడుకాయ కూరల పక్కన పెట్టాలని, అన్నం తగ్గించుకునేవారు అక్కడి నుంచే వడ్డించుకునే ఏర్పాటు చేయాలని భోజనాల కమిటీకి నా విన్నపం.