కళ్లున్నవాళ్లకేనా కొత్త బ్రౌజర్లు?

క్రోమ్‌కి ప్రత్యామ్నాయం కావాలి, మన దేశానికి మన బ్రౌజర్ ఉండాలి అనే మాట కొన్నేళ్లుగా గట్టిగానే వినిపిస్తోంది. కేంద్ర ఐటీ శాఖ 2023లో దేశీ బ్రౌజర్ తయారీకి పోటీ పెట్టి, 2025 మార్చిలో జోహో బృందానికి కోటి రూపాయల మొదటి బహుమతి ప్రకటించింది. సంతోషమే. కానీ విజయవాడలోనో గుంటూరులోనో తెరమీద ఉన్నదాన్ని గొంతుతో వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న చూపులేనివాళ్లని కదిపి చూడండి. నేను అడిగినంతలో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ తప్ప నాలుగో పేరు రాలేదు. ప్రైవసీ కోసం ఒకటి, స్పీడు కోసం ఇంకొకటి అని మనం చేసే షోకులు వాళ్లకు లేవు. ముందు ఆ బ్రౌజర్ నోరు విప్పాలి కదా!

స్క్రీన్ రీడర్ తెరమీది బొమ్మని చూసి చదవదు. ఏది శీర్షిక, ఏది లింకు, ఏది బటన్, దాని పేరేంటి అనే వివరమంతా బ్రౌజరే వరసలో పేర్చి ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా అందించాలి. ఎన్‌వీడీఏ, జాస్ లాంటి స్క్రీన్ రీడర్లు దాన్ని వినిపిస్తాయి. గుంటూరు బ్రాడీపేటలో బ్యాంకు పరీక్షలకు తయారవుతున్న చూపులేని ఒక కుర్రాడి పక్కన కూర్చుని ఇది చూశాను. ఆ గొంతు ఎంత వేగంగా పోతుందంటే నాకు ఒక్క ముక్క అందలేదు. హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, ఇ నొక్కితే నింపాల్సిన గడికి, బి నొక్కితే బటన్‌కి దూకుతున్నాడు. స్నేహితుడెవరో మెచ్చుకున్నాడని ఒక కొత్త బ్రౌజర్ వేసుకున్నాడు. పేజీని బాగానే చదివింది. పక్క ప్యానెల్లోకి వెళ్లగానే 'బటన్, బటన్, బటన్'. దేనికీ పేరు లేదు. సెట్టింగుల్లో ఇరుక్కుని, ఆల్ట్ ఎఫ్4 కొట్టి బయటపడి, ఆ పూటే దాన్ని తీసేశాడు.

'మాది క్రోమియం (క్రోమ్‌కి పునాదైన, ఎవరైనా వాడుకోగల కోడ్) మీద కట్టిందే, స్క్రీన్ రీడర్ సపోర్టు దానంతటదే వస్తుంది' అనే కంపెనీలకు జవాబు ఆ ప్యానెల్లోనే ఉంది. క్రోమియం తెచ్చింది పలుకుతుంది. కంపెనీ తన గొప్ప కోసం పైన అతికించినవి పలకాలంటే వాటికి కంపెనీయే పేర్లు పెట్టాలి.

తర్వాత చూద్దాంలే అంటే ఏమవుతుందో ఫైర్‌ఫాక్స్‌కి తెలుసు. 2017 నవంబరులో 57వ వెర్షన్ వచ్చినప్పుడు దాని వేగానికి అందరూ చప్పట్లు కొట్టారు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి మాత్రం అదే బ్రౌజర్ నత్తనడక నడిచింది. పెద్ద మార్పులు లేకుండా ఎక్కువకాలం నడిచే పాత ఈఎస్‌ఆర్ వెర్షన్‌లోనే ఉండమని, ఫైర్‌ఫాక్స్‌ని తయారుచేసే మొజిల్లాయే చెప్పాల్సి వచ్చింది. స్క్రీన్ రీడర్‌కి వివరాలు అందించే భాగాన్ని తిరగరాసి 2023లో 113వ వెర్షన్‌తో అందించేసరికి ఐదేళ్లు దాటిపోయాయి. అంత పెద్ద సంస్థకే అన్నేళ్లు పట్టింది. ఆ పనిలో ముందున్న జేమ్స్ టెహ్‌కి చూపు లేదు. 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏకి తోడు నిలిచిందీ ఆయనే. కరన్‌కీ చూపు లేదు. వేలు పోసి జాస్ కొనలేనివాళ్లంతా ఇవాళ ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే బతుకుతున్నారు. వాడేవాడిని పనిలో కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చిన్న టీం, డబ్బు తక్కువ, ముందు బ్రౌజర్‌ని నిలబడనివ్వండి అంటారు. జీతం లేకుండా క్రోమియం మీద ఆధారపడని సర్వో, లేడీబర్డ్ లాంటి సొంత ఇంజిన్లకు కోడ్ రాసేవాళ్లు ఆ మాట అంటే వింటాను. ప్రజల డబ్బుతో బహుమతి అందుకున్నవాళ్లు అంటే వినను.

అసలు నా కోపం బ్రౌజర్ల దగ్గర ఆగడం లేదు. మన రాష్ట్రంలో ప్రతి కాగితమూ ఆన్‌లైన్లోకి వెళ్లిపోతోంది. 2025 జనవరిలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలందించే 'మన మిత్ర' కూడా వచ్చింది, మంచిదే. ప్రభుత్వ పోర్టళ్లు మాత్రం ఇంకా బొమ్మలోని అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చాలు అడుగుతూనే ఉన్నాయి. ఉత్తర్వు స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ కాగితం. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగైతే పిచ్చి అక్షరాలు. చివరికి చూపులేని మనిషి నెట్ సెంటర్‌కి వెళ్లి, వరసలో ఉన్న పదిమంది వింటుండగా పాస్‌వర్డ్ చెప్పి, ఓటీపీ చూసుకోమని తన ఫోన్‌ని సెంటర్ ఆపరేటర్ చేతికిస్తాడు. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని బ్యాంకులు మనకి రోజూ మెసేజీలు పెడుతుంటాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చేసింది. కాబట్టి వెలగపూడి సచివాలయం ఏ బ్రౌజర్‌ని ఆఫీసుల్లో పెట్టించినా, ఏ పోర్టల్‌కి బిల్లు చెల్లించినా, ముందు చూపులేని ఉద్యోగి ఒకరిని పిలిచి ఎన్‌వీడీఏతో దరఖాస్తు మొదటి గడి నుంచి సబ్మిట్ దాకా నింపమనాలి. పక్కన ఎవరూ సాయం చేయకూడదు. ఆ ఉద్యోగి పూర్తయిందని సంతకం పెట్టేదాకా కాంట్రాక్టరు బిల్లు ఆపాలి. టెండరు నోటీసులో ఈ షరతు రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.