సీ వ్యూకి డబ్బులు పొయ్యకండి, బీచ్‌కి నడిచి వెళ్లే వీధిలో ఇల్లు తీసుకోండి

"వైజాగ్‌కి మారుతున్నాం, బాల్కనీలోంచి సముద్రం కనిపించే ఫ్లాట్ ఏదైనా అద్దెకు ఉంటే చెప్పండి" అని ఈ మధ్య తెగ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా. సముద్రం కనిపించడం కోసం అద్దెలో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. నేను రెండు రకాల ఇళ్లలోనూ ఉన్నాను, బీచ్ రోడ్డు మీద ముందు వరసలో ఉన్న అపార్ట్‌మెంట్‌లోనూ, ఇప్పుడు చినవాల్తేరులో వెనక వీధిలోనూ, కాబట్టి ఇది ఎవరో చెప్తే విన్న మాట కాదు.

బ్రోకర్లకు ఒక్క సంగతి బాగా తెలుసు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లని ముందుగా బాల్కనీలోకి తీసుకెళ్లి నిలబెడితే చాలు, ఆ నీలం చూశాక ఇంకేమీ అడగరు. కుళాయి తిప్పి చూడరు, కిటికీ గ్రిల్ పట్టుకుని చూడరు. అదే సైజు డబుల్ బెడ్‌రూమ్‌కి బీచ్ రోడ్డు మీద ఒక రేటు, రెండు మూడు వీధులు వెనక్కి వస్తే ఇంకో రేటు, తేడా కొన్ని చోట్ల నెలకు పది వేలు దాటిపోతోంది. ఆ రెండు ఇళ్ల మధ్య నడక ఎంతంటే పది నిమిషాలు కూడా ఉండదు.

ఇక ఉప్పు గాలి సంగతి. ముందు వరస ఇంట్లో పొద్దున్న తుడిచిన కిటికీ అద్దం సాయంత్రానికి మసకబారిపోతుంది, వేలితో రాస్తే జిగురుగా తగులుతుంది. గ్రిల్‌కి వేసిన రంగు పొరలు పొరలుగా లేచిపోయి కింద నుంచి తుప్పు బయటికి వస్తుంది. తలుపు బందులు, గొళ్లేలు, కుళాయిలు, గ్యాస్ స్టవ్, పార్కింగ్‌లో పెట్టిన బండి సైలెన్సర్, ఏదీ దానికి మినహాయింపు కాదు. అన్నిటికంటే ముందు పోయేది ఏసీ బయటి యూనిట్. ఉప్పు తేమ పట్టి రేకులు పొడిపొడిగా రాలిపోతాయి, కాయిల్‌కి చిల్లు పడి గ్యాస్ అంతా కారిపోతుంది, గ్యాస్ నింపిస్తే మళ్లీ అదే కథ. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒకసారి నాతో అన్నాడు, "గాలికే పోతాయి బాబూ ఇయ్యన్నీ, ఎవరున్నా అంతే" అని. ఎవరున్నా అంతే అన్న ఆ మాట ఓనర్లకి మాత్రం ఎక్కదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్రిల్స్‌కి రంగులని, బాత్రూమ్ ఫిట్టింగులని, ఏసీ కాయిల్ అని ఒక చీటీ రాసి మా అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె కంటే ఎక్కువే కోసేశారు. అద్దె మాట్లాడుకునేటప్పుడేమో "సీ ఫేసింగ్ కదండీ, ఆ మాత్రం రేటు ఉంటాది" అన్నారు. అంటే సముద్రం వల్ల వచ్చే లాభం ఓనర్‌ది, సముద్రం వల్ల వచ్చే తుప్పు మాత్రం అద్దెకున్నవాడిది. ఇదేం న్యాయమండీ? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే, 108వ సెక్షన్‌లో, దీని గురించి ఉంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, మామూలు వాడకంలో జరిగే అరుగుదలకీ, మనిషి ఆపలేని శక్తుల వల్ల జరిగిన మార్పులకీ అద్దెదారు బాధ్యుడు కాదు. ఉప్పు గాలికి పట్టిన తుప్పు మామూలు అరుగుదల కాకపోతే ఇంకేమిటి? 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా గోడల సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగులు, అవసరమైనప్పుడు పైపులు, వైరింగ్ మార్చడం ఓనర్ పనుల్లోనే వేసింది, నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని కూడా అంది. నమూనా చట్టం కాబట్టి రాష్ట్రాలు తమ చట్టంలోకి తెచ్చుకుంటేనే అమలవుతుంది, ఆ సంగతీ తెలుసుకోండి. కానీ ఓనర్‌తో కూర్చుని మాట్లాడేటప్పుడు ఈ రెండు విషయాలు తెలిసి ఉండటానికీ తెలియకపోవడానికీ చాలా తేడా ఉంటుంది.

అందుకే ఆ పదకొండు నెలల అగ్రిమెంట్‌ని చదవకుండా సంతకం పెట్టకండి. అందరూ పదకొండు నెలలకే రాస్తారు, అది మామూలే. అందులో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అద్దెదారుదే" అన్న లైన్ నలిగిపోయిన చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని కొట్టేయించండి, ఉప్పు గాలి వల్ల పట్టే తుప్పు, చెమ్మ ఓనర్ బాధ్యత అని ఒక లైన్ రాయించండి. చేరిన రోజే ప్రతి గ్రిల్‌కీ, ప్రతి కుళాయికీ, ఏసీ బయటి యూనిట్‌కీ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. ఇది అనుమానం కాదు, ఇద్దరికీ మంచిది.

గాలి గురించి కూడా చెప్పాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. సముద్రం ఎదురుగా ఉంటే గాలి దానంతటదే ఇంట్లోకి వచ్చేస్తుందనుకుంటారు. మన సముద్రం ఉన్నది తూర్పు వైపు. వేసవిలో ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచీ నైరుతి నుంచీ తీరం వెంబడి వీస్తుంది. తూర్పు బాల్కనీ ఒక్కటే ఉండి మిగతా మూడు వైపులా పక్క బిల్డింగ్ గోడలుంటే పొద్దున్న ఆరింటి నుంచే ఎండ హాల్లోకి వచ్చి కూర్చుంటుంది, గాలి మాత్రం రాదు. మే నెలలో వైజాగ్‌లో మనిషిని చంపేది ఎండ కంటే ఉక్కపోతే. అదే దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉండి, ఉత్తరం వైపు గాలి బయటికి పోవడానికి దారి ఉన్న ఇల్లయితే సముద్రం ఒక్క ముక్క కనిపించకపోయినా రాత్రి పూట ఫ్యాన్‌తో నిద్రపోవచ్చు. పైగా దక్షిణ ద్వారం ఇల్లంటే వాస్తు అని చాలామంది వద్దంటారు, అందుకని అలాంటివి టూలెట్ బోర్డుతో ఎక్కువ కాలం ఖాళీగా ఉంటాయి, అద్దె దగ్గర ఓనర్ కొంచెం దిగుతాడు. మా ఇల్లు అలాంటిదే. హాయిగా ఉన్నాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో అద్దాలు ఎలా పగిలాయో, కైలాసగిరి మీద చెట్లు ఎలా ఒరిగిపోయాయో ఇక్కడివాళ్లు ఎవరూ మర్చిపోలేదు. ఏటా అక్టోబర్, నవంబర్ వస్తే తుఫాను వార్త వినగానే ముందు వరస వాళ్లకి ఉండే టెన్షన్ వెనక వీధిలో అంత ఉండదు. ఈ మాట ఏ బ్రోకరూ చెప్పడు.

ఇల్లు ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. "మీరేవిట్లు?" అని కులం అడగడం ఆపండి. పెళ్లి కాని అబ్బాయిలకు ఇవ్వం, ఒంటరిగా ఉండే అమ్మాయిలకు అసలే ఇవ్వం, నీచు వండితే కుదరదు అని షరతులు పెట్టడం ఆపండి. పెదజాలారిపేట పక్కనే ఉన్న కాలనీలో నిలబడి, వలలు ఆరేసిన ఒడ్డు కనిపిస్తూ ఉండగా, ఇంట్లో చేప వండకూడదంటే ఎలాగండీ. అద్దె టైముకు ఇస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నారా, అంతవరకే మీకు పని. ఇంకొకటి, హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం, ఏడాది అద్దె లక్ష దాటితే అద్దెకున్నవాళ్లు తమ ఆఫీసులో ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి, అది అడిగిన పాపానికి ముఖం మాడ్చుకోకండి.

సరే, వెనక వీధిలో ఉంటే సముద్రం ఎలా దక్కుతుందంటారా? నాకైతే ఇప్పుడే ఎక్కువ దక్కుతోంది. బాల్కనీ ఉన్నప్పుడు కుర్చీలోంచే చూసి సరిపెట్టుకునేవాళ్లం, ఇప్పుడు చెప్పులేసుకుని వెళ్తున్నాం. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు, ఆ టైములో రోడ్డంతా నడిచేవాళ్లదే, ముసలివాళ్లు, పిల్లలు, సైకిళ్లు, నేవీ కుర్రాళ్ల పరుగులు. ఈ ఊరు అద్దెదారుకి, సొంతిల్లు ఉన్నవాడికి, రోడ్డు మీద పడుకునేవాడికి ఒకే రకంగా ఇచ్చే సుఖం అది. పొద్దున్నే జాలారిపేట నుంచి తట్టలతో వీధిలోకి వచ్చే అమ్మల దగ్గర వంజరమో చందువో బేరమాడి తీసుకుంటే వాళ్లే శుభ్రం చేసి ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు చేప తక్కువ, ధర ఎక్కువ, కొత్తగా వచ్చినవాళ్లు మోసపోయామనుకోవద్దు. సాయంత్రం తెన్నేటి పార్క్ దగ్గర రాళ్ల మీద కాసేపు కూర్చుని, దారిలో ముంత మసాలా కట్టించుకుని వస్తే చాలదా? సెలవు రోజున భీమిలి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ దారి పొడవునా సముద్రమే. అంత సీ వ్యూ ఏ ఫ్లాట్‌లోనూ దొరకదు. నీళ్లలోకి దిగడం మాత్రం జాగ్రత్త. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి, మోకాళ్లు దాటి వెళ్లొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగినప్పుడు చూడాలి మా వైపు. ముప్పై రెండు కిలోమీటర్లు నడిచే జనం హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్, ఎంవీపీ కాలనీ మీదుగా రాత్రంతా వస్తూనే ఉంటారు. మా వీధి వాళ్లందరం కలిసి మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పెడతాం, అందులో ఓనరెవరో అద్దెకున్నదెవరో ఎవరూ అడగరు. ఈ ఊళ్లో నాకు ఇల్లు లేదు. కానీ ఇది నా ఊరే.

గూగుల్ వస్తోంది, టీసీఎస్ వస్తోంది అని చెప్పి మధురవాడ, ఎండాడ వైపు అప్పుడే అద్దెలు లేపుతున్నారు, బీచ్ వైపు కొన్ని ఫ్లాట్లను రోజువారీ అద్దెకు తిప్పేస్తున్నారు. దాంతో మామూలు కుటుంబాలకు దొరికే ఇళ్లు తగ్గుతున్నాయి. కాబట్టి తొందరపెట్టేవాళ్లు ఎక్కువే ఉంటారు, ఫొటోలు చూసి టోకెన్ అడ్వాన్స్ పంపకండి. మధ్యాహ్నం రెండింటికి ఎండలో వచ్చి ఇల్లు చూడండి, గాలి ఎటు నుంచి వస్తోందో అప్పుడే తెలుస్తుంది. బోరు నీళ్లు నోట్లో వేసుకుని ఉప్పగా ఉన్నాయేమో చూడండి, మున్సిపల్ నీళ్లు రోజూ ఎంతసేపు వస్తున్నాయో, వేసవిలో ట్యాంకర్ పిలిస్తే ఆ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలుపుతారో విడిగా వసూలు చేస్తారో ఓనర్‌ని కాదు, పై ఫ్లోర్‌లో అద్దెకుంటున్నవాళ్లని అడగండి. చినవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీలో బీచ్ వైపు సెక్టార్లు, ఈ మూడు చోట్లా వీధి వీధీ నడిచి తిరగండి. ఇక్కడ మంచి ఇళ్లకు ఇప్పటికీ గేటుకి అట్ట ముక్క మీద రాసి వేలాడదీసిన టూలెట్ బోర్డే ఉంటుంది, అవి ఏ యాప్‌లోనూ కనిపించవు.