'పక్కింటోడి కంటే నేనే నయం' జనరేటర్ గారికి

మహారాజశ్రీ 'ఐ బెటర్ పాస్ మై నైబర్' జనరేటర్ గారి దివ్య సముఖమునకు,

నైజీరియాలోని లాగోస్ నగరం, అద్దె గదుల వరండా నుంచి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం కాబట్టి రాశాం, కుశలం మాత్రం ఏమీ లేదు. కరెంటు ఒంటిగంటకు పోయింది. ఒంటిగంటా ఐదు నిమిషాలకు తమరి తాడు పట్టుకున్నాం. నాలుగవుతోంది. అరచేతిలో బొబ్బ లేచింది గానీ తమరు లేవలేదు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ అందరికీ తెలిసినవే. పెద్ద కిరోసిన్ డబ్బా అంత ఆకారం, 63 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను, నాలుగు లీటర్ల టాంకు. మోడల్ పేరులో 950 అని ఉంటుంది, నిలకడగా ఇచ్చేది 650 వాట్లు. మిగతా మూడు వందలు బహుశా పేరుప్రతిష్ఠల కింద పోతాయి. పెద్ద జనరేటర్ కొనలేనివాడు, ఏమీ కొనలేని పక్కింటివాడి ముందు తలెత్తుకు తిరగడానికి జనం ప్రేమగా పెట్టిన పేరు తమరిది. బిరుదు ఇచ్చినవాళ్ళను ఇలా ఎండలో నిలబెట్టడం ధర్మమా?

పాత స్కూటరును పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టిన తరానికి తమరి వేషాలు కొత్త కాదు. చేయవలసినవన్నీ చేశాం. టాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చేశాం. పెట్రోల్ కాక్ తెరిచాం. చోక్ మూశాం. తాడును మెల్లగా, బిగువు తగిలేదాకా లాగి, అక్కణ్ణుంచి ఒక్క ఊపున లాగాం. ప్లగ్గు విప్పి, తుడిచి, ఇంజను ఒంటికి ఆనించి మళ్ళీ లాగితే నీలం నిప్పు టక్కున కొట్టింది. నిప్పుంది. టాంకులో పెట్రోలుంది. కాకపోతే ప్లగ్గు పొడిగా ఉంది. అంటే పెట్రోలు సిలిండరు దాకా రావడం లేదు.

కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పితే దొరికారు తమరు. గిన్నెలో తేనెలాంటి జిగురు. దాని మధ్య ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క, జెట్. జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, అది పూడుకుపోయింది.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పోయిన వారమంతా కరెంటు బాగుంది! కరెంటు రాగానే 'అప్ నేపా!' (నేపా అంటే ఇక్కడి కరెంటు సంస్థ పాత పేరు) అని పిల్లలు అరిచిన రాత్రి, ఆ సంతోషంలో ఎవరో తమరిని స్విచ్ నొక్కి ఆపేశారు. గిన్నెలో మిగిలిన పెట్రోలు-ఆయిల్ మిశ్రమంలోంచి పెట్రోలు వారం రోజుల్లో ఆవిరైపోయింది, ఆయిల్ మాత్రం అడుగున గడ్డకట్టింది. రోజూ కరెంటు పోయి ఉంటే తమరు బంగారంలా పనిచేసేవారు. ఒక్క వారం సుఖపడ్డామని అలిగారు. మంచిరోజులు వస్తే చెడిపోయే యంత్రాన్ని లోకంలో ఇంకెక్కడైనా చూశారా?

తమరి మిగతా రోగాలన్నీ చెప్పుకుని ఏడ్చే ఓపిక లేదు, తొందరగా ముగిస్తాం. ఇస్త్రీపెట్టె పెడితే దానికి వెయ్యి వాట్లు, తమరికి గుండెపోటు. అందుకే ఇక్కడ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇంకా బతికే ఉంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే గానీ, కంప్రెసర్ లేచే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. తమరు మూలుగుతారు, వోల్టేజీ పడిపోతుంది, ఆ పడిన వోల్టేజీకి కంప్రెసర్ చుట్ట కాలుతుంది. లోడు తీయకుండా ఆపితే లోపలి ఇనుములో మిగలాల్సిన కాస్త అయస్కాంతమూ పోయి, మర్నాడు ఇంజను తిరుగుతుంది, బల్బు వెలగదు. కెపాసిటర్ పోయినా అదే లక్షణం. ఇంటి వైర్లను నేపా లైను నుంచి తప్పించి తమరికి కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా, సాకెట్లోకి వైరు గుచ్చినవాణ్ణి గురించి చెప్పనే అక్కర్లేదు. నేపా కరెంటు వచ్చిన క్షణాన తమరి చుట్టలు పోతాయి, అది రాకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ పోతాడు.

నేపా అంటే గుర్తొచ్చింది. 1972లో పుట్టింది, 2005లో పేరు మార్చుకుంది, 2013లో ముక్కలై ప్రైవేటు చేతుల్లోకి పోయింది. జనం నోట్లో మాత్రం ఈ రోజుకీ నేపానే. జనాభా ఇరవై కోట్లు దాటిన దేశానికి గ్రిడ్ మామూలుగా మోసేది నాలుగైదు వేల మెగావాట్లు. 2024 ఎండల్లో మన హైదరాబాద్ ఒక్కటే నాలుగు వేలు దాటి వాడింది. ఈ లెక్క చూశాక తమరి మీద కోపం సగం తగ్గాలి. తగ్గడం లేదు, ఎందుకంటే ఆ జెట్ ఇంకా మా చేతిలోనే ఉంది.

దాన్ని ఎలా శుభ్రం చేయాలో కూడా తమరి వల్లే నేర్చుకున్నాం. గుండుసూది పెట్టకూడదు. పెడితే రంధ్రం వెడల్పై పెట్రోలు ఎక్కువ పడుతుంది, ప్లగ్గు రోజూ తడుస్తుంది, తాగుడు పెరుగుతుంది. మెత్తటి వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, దాన్ని దూర్చి మెల్లగా ఆడించాలి. పెట్రోలులో కడిగి, ఎండకెత్తి చూస్తే అవతల గుండ్రంగా చుక్కంత వెలుగు కనబడాలి. అంతవరకూ మానకూడదు. జనరేటర్ మెకానిక్ అయితే నోటితో ఊదేస్తాడు. అతని ఊపిరితిత్తులు అతనివి, అనుకుందాం.

ఇక తమరి భోజనం. లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూ-టి ఆయిల్. టాంకు నిండా అయితే 80. పెద్ద సిరంజీతో కొలవాలి, విడిగా జెర్రీక్యాన్‌లో పోసి గిలకొట్టాలి, ఆ తర్వాతే టాంకులోకి. ఆయిల్ నేరుగా టాంకులో గుమ్మరిస్తే అడుగుకు దిగి ముందు అదే కార్బొరేటర్‌కు పోతుంది. ఎక్కువైతే నీలం పొగ, సైలెన్సర్ మూతి నుంచి నల్లటి జిడ్డు. తక్కువైతే పిస్టన్ సిలిండరుకు పట్టేసి తాడు మరి కదలదు. పసిపిల్లకు పాలపొడి కలపడం ఇంతకంటే తేలిక.

ఇంత మర్యాదగా పెడితే తమరు తినే తీరు చూడండి. ఒక ఫ్యాను, ఒక టీవీ, నాలుగు ఎల్‌ఈడీలు, ఫోన్ల చార్జింగు. అన్నీ కలిపితే 180 వాట్లు. ఆరు గంటలకు యూనిట్ కంటే కాస్త ఎక్కువ. దానికి తమరు రెండున్నర లీటర్లు తాగుతారు. 2023 మే 29న సబ్సిడీ పోయిందని అధ్యక్షుడు ప్రకటించేదాకా లీటరు రెండు వందల నైరాల లోపే. 2024 చివరికి వెయ్యికి అటూ ఇటూ. రోజుకు ఇరవై గంటలు కరెంటు ఇస్తామన్న A-బ్యాండ్ వీధిలో, 2024 ఏప్రిల్‌లో పెంచినప్పుడు కూడా, యూనిట్ 225 నైరాలే. అంటే ఆ లెక్కన అదే ఫ్యాను గాలి తమరి దగ్గర పదింతలు ఖరీదు! మాది A-బ్యాండ్ కాదు లెండి. మాది అన్నిటికంటే కింది E-బ్యాండ్, దానికి మాట ఇచ్చింది రోజుకు నాలుగు గంటలు.

ఇక పొగ గురించి. దీనికి 'తమరు' అనడానికి నోరు రావడం లేదు.

'ఫేస్ మీ ఐ ఫేస్ యూ' ఇళ్ళు నీకు తెలుసు. నడుమ ఇరుకు నడవ, అటూ ఇటూ ఎదురెదురు గదులు, గదికో కుటుంబం, కుటుంబానికో నువ్వు. నిన్ను కిటికీలకూ తలుపులకూ కనీసం ఆరు మీటర్ల దూరంలో, సైలెన్సర్ మూతి బయటికి తిప్పి పెట్టాలి. ఆరు మీటర్లు ఎక్కడున్నాయిరా ఈ ఇంట్లో? బయట పెడితే దొంగ ఎత్తుకుపోతాడు, వాన పడుతుంది. కాబట్టి రాత్రికి నడవలోకి వస్తావు. నీలం పొగ కనబడుతుంది కనుక దానికి దగ్గుతాం. కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసన రాదు. నెత్తుట్లో ప్రాణవాయువుకు దక్కాల్సిన చోటును అది రెండు వందల రెట్ల పట్టుతో ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, తర్వాత మత్తు. ఫ్యాను గాలికి హాయిగా నిద్ర పట్టిందనుకుంటారు. పొద్దున తలుపు పగలగొట్టేది పక్కింటివాడే. నువ్వు ఎవడికంటే నయమో వాడే. ఇలా ఇళ్ళకు ఇళ్ళు పోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి, నువ్వు అమ్ముడుపోతూనే ఉన్నావు.

అలాబా మార్కెట్లో ఇప్పుడు నీ పక్క దుకాణంలోనే సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు పేర్చి ఉంటున్నాయి. 12.8 వోల్టులు, 100 ఆంపియర్-అవర్‌ది ఒక్కటి ఉంటే 1.28 యూనిట్లు. అదే ఫ్యాను, అదే టీవీ, ఆరు గంటలు. చప్పుడు లేదు, తాడు లేదు, జెట్ లేదు. డబ్బంతా ఒకేసారి పోయాలి, అదొక్కటే దాని తప్పు. నువ్వు మాత్రం రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున వాయిదాల్లో పీలుస్తావు. పేదవాడి సంగతి నీకు బాగా తెలుసు.

అది కూడా ఒప్పుకోవాలి. మంగలి కత్తెర మిషను, దర్జీ కుట్టుమిషను, పరీక్షల ముందు రాత్రి పిల్లల నెత్తిన బల్బు, ఆటలో ఆఖరి పది నిమిషాలు... ఈ ఊరిలో ఇన్నేళ్ళుగా వీటన్నిటినీ మోసింది 63 సీసీలే.

జెట్ బిగించాం. రంధ్రంలోంచి ఆకాశం కనబడింది. చోక్ మూశాం, లాగుతున్నాం. లేస్తే రెండు నిమిషాలు ఖాళీగా తిప్పి, ఆ తర్వాతే లోడు పెడతాం. ఈసారి రాత్రి పిల్లలు 'అప్ నేపా!' అని అరిస్తే వీధంతా లోపలికి పరుగెత్తుతుంది. మేం మాత్రం స్విచ్ జోలికి పోం. లోడు తీసి, పెట్రోల్ కాక్ మూసి, గిన్నెలో ఆఖరి చుక్క కాలి నీ అంతట నువ్వు ఆగేదాకా, ఇంట్లో లైట్లు వెలుగుతుండగా, చీకట్లో నీ పక్కన నిలబడతాం.

ఇట్లు,
తాడు పట్టుకున్నవాళ్ళు