డిఫోర్డ్ బెయిలీ బద్ధకస్తుడా?

అమెరికాలోని నాష్‌విల్ వెళ్లినవారు చూసి వచ్చే కంట్రీ సంగీత రేడియో ప్రదర్శన గ్రాండ్ ఓల్ ఆప్రీకి ఆ పేరు పెట్టిన రాత్రి మైకు ముందు మౌతార్గాన్ వాయించినది డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు. 1927 డిసెంబరులో డబ్ల్యూఎస్‌ఎం రేడియోలో శాస్త్రీయ సంగీత కార్యక్రమం ముగిశాక ఆయన రైలు చప్పుడును అనుకరించే ‘పాన్ అమెరికన్ బ్లూస్’ వాయించారు. ఇంతవరకు విన్నది గ్రాండ్ ఆపెరా, ఇకపై వినబోయేది గ్రాండ్ ఓల్ ఆప్రీ అని వ్యాఖ్యాత జార్జ్ హే ప్రకటించినది అప్పుడే.

1899లో టెనెసీలోని స్మిత్ కౌంటీలో పుట్టిన బెయిలీ మూడేళ్ల వయసులో పోలియో సోకి, మంచం పట్టి ఉన్నప్పుడే ఈ వాద్యం నేర్చుకున్నారు. మౌతార్గాన్ ఊపిరి పీల్చినా, వదిలినా పలుకుతుంది కనుక ఆయన రైలు ఎక్కడా ఆగదు: చక్రాల లయ తెగకుండానే మధ్యలో కూత వినిపిస్తుంది, బండి దగ్గరికొచ్చి దాటిపోతుంది. పది రంధ్రాల చిన్న వాద్యంలో ఇంత సాధించినవారు నాకు తెలిసి అరుదు.

1928లో 52 వారాలకు 49 వారాలు ఆయన ఆ కార్యక్రమంలో వాయించారు. 1930లలో రాయ్ అకఫ్, బిల్ మన్రో వంటి కంట్రీ గాయకులతో ఊరూరా తిరిగినప్పుడు వేదిక మీద చప్పట్లు కొట్టిన ఊళ్లలోనే హోటళ్లు ఆయనకు గది ఇవ్వలేదు. 1941లో ఉద్యోగం పోయింది. ఆయన బద్ధకస్తుడని, తెలిసినవి డజను పాటలేనని హే తరువాత రాశారు. ఈ మాటను నేను ఒప్పుకోలేను. రుసుముల తగాదాలో రేడియో సంస్థలు ఆ ఏడాది ఆస్కాప్ (పాటల రచయితలు, ప్రచురణకర్తల తరఫున రుసుములు వసూలు చేసే సంఘం) హక్కుల పాటలను బహిష్కరించాయి, బెయిలీ ప్రసిద్ధ బాణీలు ఆ కోవలోవే. పదిహేనేళ్లపాటు అవే వాయించమని అడిగినవారే చివరికి కొత్తవి రావని తప్పుపట్టారు. ప్రధాన నెట్‌వర్కులతో ఆ తగాదా అదే ఏడాది అక్టోబరులో రాజీతో ముగిసింది. ఆయనను మాత్రం వెనక్కి పిలవలేదు.

1974లో పాత కళాకారుల సభకు పిలిచారు, 1982లో ఆయన మరణించారు, 2005లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పోయిన 23 ఏళ్లకు దక్కిన ఈ గౌరవాన్ని ప్రాయశ్చిత్తంగా లెక్కగట్టడానికి నాకు మనసొప్పదు. బద్ధకస్తుడన్న ముద్ర పడిన ఆ మనిషి సుమారు 30 ఏళ్లు నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసి కుటుంబాన్ని పోషించారు. అదే ఊరి నుంచి ప్రతి శనివారం రాత్రి ఆప్రీ ప్రసారమవుతూనే ఉంది.