మహారాజశ్రీ ‘రోమ్ ట్రిప్ ఫైనల్’ షీట్ గారికి

మహారాజశ్రీ ‘రోమ్ ట్రిప్ ఫైనల్’ షీట్ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమ క్షేమ సమాచారాలు ఫోను ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంది. తమరు ఆన్‌లైన్ ప్రయాణ పట్టిక కదా, మా వాళ్ళలో ఎవరో ఒకరు మిమ్మల్ని తెరిచి చూసి ఏదో ఒకటి రాయడం, అర్ధరాత్రయినా సరే నా దిండు కింద మీరు టింగుమనడం.

విషయమేమిటంటే, మే నెలలో రోమ్‌కి నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఎన్నింటికి లేవాలో, ఎక్కడ తినాలో, ఏ గోడ ముందు ఎంతసేపు నిలబడాలో ఇంకొకరు చెప్పకూడదనే ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఈ ముక్కకి ఇంట్లో వాళ్ళని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తీరా వాళ్ళు ఒప్పుకున్నాక, పెళ్ళిళ్ళలో మా పెదనాన్న కూడా చెయ్యనంత పెత్తనం మీరు మొదలుపెట్టారు.

తమరు పుట్టిందే వీసా కోసం. ఇటలీ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకి 90 యూరోల రుసుం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, బసకు రుజువు కావాలి. వీటితో పాటు ఏ రోజు ఎక్కడుంటారో ఒక కాగితం పెడితే మంచిదన్నారు. సరేనని నాలుగు గడులు గీశాను. ఇందులో ఒక చిత్రం ఉంది. వీసాకి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొలోసియం టికెట్లేమో 30 రోజుల ముందు గానీ అమ్మకానికి రావు. వచ్చినా మనిషి పేరుతో, లోపలికి వెళ్ళే వేళతో సహా కొనాలి. అంటే ఇంకా పుట్టని టికెట్టుకి ‘ఉ. 9:15’ అని ముహూర్తం పెట్టి, ఆకుపచ్చ రంగు పూసుకుని, మీరు వీసా అధికారి ముందు కూర్చోబోతున్నారు. మీ గుండె ధైర్యానికి జోహార్లు.

అక్కడితో ఆగితే బాగుండేది. మీరు క్రమంగా పంచాంగం అయిపోయారు. సోమవారం బోర్గేసే అనే శిల్పాల, చిత్రాల గ్యాలరీకి వర్జ్యం. ఆదివారం వాటికన్ మ్యూజియాలకి రాహుకాలం, నెలలో ఆఖరి ఆదివారం మాత్రం అమృత ఘడియలు, ప్రవేశం ఉచితం. కాకపోతే ఆ అమృతం కోసం రోమ్‌లో సగం మంది అదే వరుసలో నిలబడతారు. బుధవారం పొద్దున పోప్ గారి దర్శనం, కాబట్టి సెయింట్ పీటర్స్ చర్చి వైపు ప్రయాణానికి దుర్ముహూర్తం. ఇదంతా నిజమే, కాదనను. కానీ రోమ్‌లో అడుగుపెట్టడానికి నా నక్షత్రం కూడా అడిగేలా ఉన్నారు.

బోర్గేసే సంగతి వేరే చెప్పుకోవాలి. అక్కడ ముందుగా టికెట్టు తీసుకోవాలి, లోపల ఉండనిచ్చేది రెండు గంటలే. ఆ రెండు గంటల్ని మీరు మళ్ళీ ముక్కలు కోసి, బెర్నీనీ చెక్కిన ‘అపోలో, డాఫ్నీ’కి ఆరు నిమిషాలు కేటాయించారు. వెంటపడిన దేవుడి చేతికి చిక్కకుండా ఒక పిల్ల చెట్టుగా మారిపోతోంది. వేళ్ళ చివర్ల ఆకులు మొలుస్తున్నాయి, పాదాలు వేళ్ళూనుకుంటున్నాయి, నడుము చుట్టూ బెరడు పాకుతోంది. అంతా ఒకే పాలరాయిలో. ఒక పక్క నుంచి చూస్తే ఇంకా మనిషే, చుట్టూ తిరిగి వచ్చేసరికి చెట్టు. బెర్నీనీకి అది చెక్కడానికి మూడేళ్ళ దాకా పట్టింది. నాకు ఆరు నిమిషాలు! అందులో ‘ఫోటో: 1 ని.’ అట.

ఇక మీ తెలివితేటలు. ‘వర్షం వస్తే’ అని ఒక కాలమ్ పెట్టుకున్నారు, ముందుచూపుకి మెచ్చుకున్నాను. అందులో ‘పాంథియన్ (లోపల)’ అని రాసుకున్నారు. అయ్యా, పాంథియన్ అనే ఆ పాత రోమన్ గుడి గుమ్మటం నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పున పెద్ద కన్నం ఉంది. దానికి అద్దం లేదు, మూత లేదు. పంతొమ్మిది వందల ఏళ్ళుగా వాన సరాసరి లోపలే పడుతోంది, నేలలో తూములున్నాయి గనక సరిపోయింది. 2023 నుంచి దానికి ప్రవేశ రుసుం కూడా పెట్టారు. డబ్బు కట్టి మరీ లోపలికెళ్ళి తడవాలన్నమాట. ‘సా. 5:00–5:20: స్పానిష్ మెట్ల మీద కూర్చొనుట’ అనే వరుస సంగతీ అంతే. అక్కడ కూర్చోవడం 2019 నుంచి నిషేధం, జరిమానా 400 యూరోల దాకా వెయ్యొచ్చు. మీ బడ్జెట్ కాలమ్‌లో మాత్రం ఆ వరుస ఎదురుగా ‘ఉచితం’ అని ఉంది.

రవాణా దగ్గర మీకూ రోమ్‌కీ అసలు పొత్తు కుదరదు. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియని ఊరది. సమ్మె మాత్రం ఎంత పద్ధతిగా చేస్తారో! తేదీ ముందే చెబుతారు. సమ్మె రోజున కూడా పొద్దున ఎనిమిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా బండ్లు నడుపుతామని హామీ ఇస్తారు. మామూలు రోజున దొరకని కచ్చితత్వం సమ్మె రోజున దొరుకుతుంది. ఆ ఊళ్ళో ప్రణాళికలకి పట్టే గతి చూడాలంటే మెట్రో సి లైను చాలు. ఎక్కడ పలుగు దింపినా ఒక పాత రాజ్యం తగులుతుంది. 2016లో ఒక స్టేషన్ కోసం తవ్వుతుంటే హేడ్రియన్ చక్రవర్తి కాలపు సైనికుల బస బయటపడింది, గదులకి గదులు, నేల మీద మొజాయిక్‌లతో సహా. ఇంజనీర్ల షీట్లు మీకంటే తక్కువవేమీ కావు కదా.

డబ్బు లెక్కల్లో మీ నిజాయితీకి మాత్రం తిరుగులేదు. ‘మొత్తం ఖర్చు’ పక్కన ‘తలసరి ఖర్చు’ అని ఇంకో గడి పెట్టి, మొత్తాన్ని 1తో భాగించి, రెండు చోట్లా అదే అంకె వేసి, కింద రెండు గీతలు కొట్టారు. ఒంటరివాళ్ళ మీద హోటళ్ళకున్న ప్రేమ ఆ గడిలో చక్కగా కనిపిస్తుంది. మంచం ఇద్దరిది, పడుకునేది ఒకరు, కట్టేది ఇంచుమించు ఇద్దరికీ. కాఫీ ధర ఒకటే రాశారు. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. నీళ్ళ సీసాలకి రోజువారీ పద్దు రాశారు. ఊరంతా 1874 నుంచీ ‘నసోనే’ అనే ఇనుప కుళాయిలున్నాయి, ఇప్పుడు రెండున్నర వేల దాకా ఉంటాయి. చల్లటి మంచినీళ్ళు, పగలూ రాత్రీ ధార ఆగదు. కుళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు నోటి ఎత్తుకి ఎగజిమ్ముతాయి. ఆ పద్దు కొట్టేయండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మీ స్నేహశీలత. భద్రత కోసమని లింకు అమ్మకి ఒక్కదానికే పంపాను. అక్కడి నుంచి అది ఫ్యామిలీ గ్రూపులోకి దూకింది. ఇప్పుడు పిన్ని, వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సులో జేబుదొంగలు ఎక్కువటగా అని ఎర్ర అక్షరాల్లో రాసింది. బావగారు నా రెండో రోజుని మూడో రోజుతో మార్చేశారు, నడక తగ్గుతుందట. రోమ్‌కి పేరు తెచ్చిన నాలుగు పాస్తాల్లో మూడింట పంది మాంసం ఉంటుందని తెలిసి, అమ్మ భోజనం వరుసలన్నిటా ‘పులిహోర పొడి’ అని నింపింది.

1786లో గోథే అనే జర్మన్ కవి, తెల్లవారుజామున మూడింటికి, స్నేహితులకైనా చెప్పకుండా కార్ల్స్‌బాద్ నుంచి బండెక్కి పారిపోయాడు. దొంగపేరు పెట్టుకుని, చిత్రకారుణ్ణని చెప్పుకుంటూ, రోమ్ తొందరలో దారిలోని ఫ్లోరెన్స్‌ని మూడు గంటల్లో కానిచ్చేశాడు. అతగాడి దగ్గర మీరుండి ఉంటే వాళ్ళ పిన్ని రెండో మజిలీలోనే పట్టుకునేది.

కాబట్టి ఒక ఒప్పందానికి వద్దాం. వీసా ముద్ర పడేదాకా మీ గడుల జోలికి రాను. రెండు ప్రతులు రంగుల్లో ప్రింటు తీయించి, మిమ్మల్ని నా జీవితాశయంలా అధికారి ముందు పెడతాను. ఆ తర్వాత టికెట్టు కొన్న వరుసలు మాత్రం మీవి, మిగతావి నావి. ముఖ్యంగా నాలుగో రోజున మీరు రాసుకున్న ‘సా. 4:30–5:15: స్వేచ్ఛగా తిరుగుట’ అనే వరుసని నా చేత్తో నేనే తీసేస్తాను.

ఇట్లు,
ప్రయాణికుల సంఖ్య: 1

తా.క.: ఇప్పుడే అక్క కామెంటు పెట్టింది. “నీ స్వేచ్ఛ నాలుగున్నరకి అంటే మాకు రాత్రి ఎనిమిదవుతుందే, సీరియల్ టైము. ఓ అరగంట ముందుకి జరిపితే వీడియో కాల్ చేసుకుందాం.” నేను చదివేలోపే మీరు నాలుగింటికి జరిగిపోయారు.