సవరణ: గ్రీజు గన్ గాయం గురించి రాసినదాంట్లో తప్పు

పెయింట్ స్ప్రే గన్ గానీ గ్రీజు గన్ గానీ వేలికి తగిలి సూది పోటంత గాయమైతే, కడిగి కట్టు కట్టుకుని రెండు రోజులు చూడండి అని గత పోస్టులో రాశాను. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు కూడా. దయచేసి ఆ మాట పట్టించుకోకండి.

ఈ గాయం పైకి కనిపించేంత చిన్నది కాదు. చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోవడానికి 100 పిఎస్ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అని చెప్పే కొలత) ప్రెజర్ చాలు. ఈ గన్‌లు వేల పిఎస్ఐలో పనిచేస్తాయి. లోపలికి వెళ్లిన పెయింటు నరాలు, స్నాయువుల వెంట అరచేతి దాకా పాకుతుంది. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు. మోసమంతా అక్కడే! కొన్ని గంటల్లో వేలు వాచి, తెల్లబడి, మొద్దుబారుతుంది. గ్రీజు కన్నా పెయింటు, థిన్నర్ ఎక్కువ హాని చేస్తాయి. వీటి విషయంలో ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి శుభ్రం చేస్తే వేలు తీసేయాల్సిన అవసరం బాగా తగ్గుతుంది.

కాబట్టి నొప్పి లేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏ పదార్థం, ఎంత ప్రెజర్, ఎన్ని గంటలకు తగిలింది అన్నవి చెప్పాలి, వీలైతే డబ్బా లేబుల్ ఫోటో చూపించాలి. వేలి మొదలు దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అందుకే ఇక్కడ అది వద్దంటారు. ఎక్స్-రేలో పెయింటు ఎంత దూరం పాకిందో ఒక్కోసారి తెలుస్తుంది.